నూనెలో ఏది, నీళ్లలో ఏది: చైనా వంటలో ఎండు దినుసులు

తెలుగు పట్టణాల్లో చైనీస్ వంట అంటే సోయా సాస్, వెనిగర్, తెల్ల మిరియాల పొడి, ఉల్లికాడలు. సాయంత్రం బండి మీద దొరికే నూడుల్స్, మంచూరియా వీటితోనే తయారవుతాయి. షెజ్వాన్ పేరుతో అమ్మే సాస్‌లో కూడా సాధారణంగా ఎండుమిర్చి, వెల్లుల్లి తప్ప, చైనాలోని సిచువాన్ ప్రాంతపు వంటకు పేరు తెచ్చిన, నాలుకకు తిమ్మిరి తెప్పించే హువాజియావ్ అనే ఎండుకాయ ఉండదు. చైనాలో మాంసం ఉడికే కుండ మూత తీస్తే కనిపించేవి వేరు. అనాసపువ్వు, దాల్చిన చెక్క, లవంగం, సోంపు, ఎండిన కమలా తొక్క. వాటిలో సగానికి పైగా మన బిర్యానీ దినుసుల డబ్బాలో ఉన్నవే.

దినుసులు కలిసినా వాడే తీరు కలవదు. మనం వేయిస్తాం, నూరతాం, కూరలో కలిపి తినేస్తాం. అక్కడ చాలా వంటల్లో దినుసును ముక్కగానే వేస్తారు, దాని పని అయిపోగానే తీసి పారేస్తారు. మాంసం నీచు వాసనను అణచి, దాని రుచిని పైకి తేవడం వరకే దానికి అప్పగించిన పని. తినేవాళ్లకు ఇది లవంగం, ఇది అనాసపువ్వు అని విడివిడిగా తెలిసిపోతే మోతాదు మించినట్టే. కాబట్టి దినుసులోని వాసన నూనెలోకో పులుసులోకో దిగాలి, చేదు మాత్రం దిగకూడదు. ఏ దినుసు వాసన నూనెలో దిగుతుంది, ఏది నీళ్లలో నెమ్మదిగా మరిగితే దిగుతుంది, ఏది ఎక్కువసేపు వేడి తగిలితే ఎగిరిపోతుంది అన్నది తెలియకుండా ఇరవై రకాలున్న పొట్లం కొని కుండలో పోస్తే కషాయం తయారవుతుంది. ఇది తెలిసినవాళ్లకు మంచి సరుకు ఐదారు రకాలు చాలు.

అనాసపువ్వు, చెక్క

అనాసపువ్వు పుట్టిల్లు దక్షిణ చైనాలోని గ్వాంగ్‌షీ, దాన్ని ఆనుకుని ఉన్న ఉత్తర వియత్నాం. అదే గ్వాంగ్‌షీలోని యూలిన్ నగరం చైనా సుగంధ దినుసుల వ్యాపారానికి పెద్ద కూడలి. ఈ చెట్టుకు ఏడాదికి రెండు కాపులు. వసంతంలో వచ్చే కాయ చిన్నది, రెక్కలు సన్నం. శరత్కాలపు కాపు పెద్దది, కండ ఎక్కువ, నూనె ఎక్కువ. కొనదగినది రెండోదే.

దీని వాసన అనెథోల్ అనే పదార్థం నుంచి వస్తుంది. అది నీళ్లలో సరిగా కరగదు. కొవ్వులో, మద్యంలో బాగా కరుగుతుంది. కొవ్వున్న పంది మాంసం, షావోషింగ్ బియ్యపు మద్యం, అనాసపువ్వు ఒకే కుండలో అంత చక్కగా కుదరడానికి ఇదొక కారణం. కొవ్వు లేని కోడి రొమ్ము ముక్కను ఒట్టి నీళ్లలో అనాసపువ్వుతో ఉడికిస్తే పువ్వు ఎంత మంచిదైనా వాసన పలచగానే ఉంటుంది. ఒక చెంచా నూనెలో దాన్ని సన్నని సెగ మీద ఒక నిమిషం కదిపి, ఆ తర్వాత నీళ్లు పోస్తే తేడా తెలుస్తుంది.

మంచి పువ్వు ఎరుపు కలిసిన గోధుమ రంగులో, రెక్కలు మందంగా ఉంటుంది. ఒక్కో రెక్క విచ్చుకుని లోపల మెరిసే గింజ కనబడుతుంది. రెక్కను తుంచితే తియ్యటి వాసన వెంటనే రావాలి. రంగు మరీ ఎర్రగా ఆకర్షణీయంగా ఉండి, ముక్కు దగ్గర పెట్టుకుంటే పుల్లటి ఘాటు తగిలితే గంధకం పొగ పట్టించారని అనుమానించాలి. తేలిగ్గా, పాలిపోయి, తుంచినా వాసన రాని పువ్వు అయితే పాతదైనా అయి ఉంటుంది, నూనె తీసేసిన పిప్పి అయినా అయి ఉంటుంది.

ఇందులో ప్రాణం మీదికి వచ్చే విషయం ఒకటుంది. ఇదే కుటుంబంలోని జపనీస్ అనాసపువ్వు (ఇలీషియం అనిసాటమ్), చైనాలోనే పెరిగే మరికొన్ని జాతులు విషపూరితం. వాటిలోని అనిసాటిన్ మూర్ఛలు తెప్పిస్తుంది. అనాసపువ్వు కషాయం తాగిన పసిపిల్లలు జబ్బుపడ్డారని అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2003లో హెచ్చరిక జారీ చేసింది. తినదగిన పువ్వుకు సాధారణంగా 8 రెక్కలు, కొనలు మొద్దుగా, దాదాపు తిన్నగా ఉంటాయి. విషజాతుల్లో చైనాలో ఎక్కువగా కల్తీకి వచ్చేదానికి 10 నుంచి 13 సన్నని రెక్కలు, కొన పైకి కొక్కెంలా వంగి ఉంటుంది. అయితే జపనీస్ పువ్వుకూ 8 రెక్కలు ఉండవచ్చు కాబట్టి లెక్క ఒక్కటే చాలదు, వాసన కూడా చూడాలి. సోంపును తలపించే తీపి వాసన లేకుండా కర్పూరంలా గుప్పుమంటే వదిలేయాలి. విరిగిన ముక్కల సంచిలో ఈ పరీక్షలేవీ కుదరవు, కాబట్టి ధర తక్కువని విరిగినవి కొనకూడదు. పసిపిల్లలకు అనాసపువ్వు కషాయం పట్టడం అసలే వద్దు.

దాల్చిన చెక్క విషయంలో మన కిరాణా కొట్టు పనికొస్తుంది. శ్రీలంక నుంచి వచ్చే, పొరలు పొరలుగా చుట్టిన సన్నని చెక్క ఖరీదైనది, సున్నితమైనది. సోయా సాస్‌తో గంటసేపు మరిగే కుండలో దాని ఉనికి తెలియదు. చైనా వంట కోరేది మందపాటి, ఘాటైన కాసియా చెక్కను. మన కొట్లలో తక్కువ ధరకు దొరికేది చాలావరకు అదే. లోపలి వైపు గోటితో గీస్తే నూనె చార కనిపించాలి. విరిస్తే టప్‌మని విరగాలి. నోట్లో పెట్టుకుంటే ముందు తీపి, వెంటనే మంట. బూడిద రంగు తిరిగి, చదునుగా, కట్టె వాసన వచ్చేది అదే జాతికి చెందిన వేరే చెట్ల బెరడు కావచ్చు. అది కుండలో వగరు తప్ప ఏమీ ఇవ్వదు. కాసియాలో, మోతాదు మించితే కాలేయానికి హాని చేసే కూమరిన్ అనే పదార్థం ఎక్కువ. యూరప్ ఆహార భద్రతా సంస్థ దీనికి రోజుకు కిలో శరీర బరువుకు 0.1 మిల్లీగ్రాము పరిమితి పెట్టింది. రోజూ చెంచాలకొద్దీ చెక్క పొడి తినే అలవాటున్నవాళ్లు పట్టించుకోవలసిన అంకె ఇది. రెండు లీటర్ల పులుసులో నాలుగు గ్రాముల చెక్క వేసి తీసేయడం వేరే సంగతి.

హువాజియావ్

మన వంటింట్లో లేనిదీ, ఎక్కువ శ్రద్ధగా కొనవలసిందీ ఇదే. చూడటానికి మిరియంలా ఉన్నా మిరియాల తీగతో దీనికి చుట్టరికం లేదు. నిమ్మ, నారింజల కుటుంబానికి చెందిన ముళ్ల చెట్టు కాయ ఇది. ఎండి పగిలిన పైపెంకునే వాడతారు. లోపలి నల్ల గింజకు రుచి లేదు, నమిలితే ఇసుకలా తగులుతుంది. మిరపకాయ చైనా చేరకముందు అక్కడ కారం పుట్టించిన దినుసుల్లో ఇది ముఖ్యమైనది. ఛాంగ్షా దగ్గర మావాంగ్‌డుయ్‌లో 1972లో తవ్విన క్రీ.పూ. 2వ శతాబ్దపు సమాధిలో ఆహార పదార్థాలతో పాటు హువాజియావ్ కూడా దొరికింది.

ఇందులో రెండు రకాలు. ఎర్రదానికి సిచువాన్‌లోని హన్‌యువాన్, గాన్సులోని వుడూ, షాన్‌షీలోని హన్‌చెంగ్ పేరుపడ్డ చోట్లు. దీని వాసన నారింజ తొక్కను, ఎండు కలపను కలిపినట్టుంటుంది. మాపో టోఫూ అనే కారపు టోఫూ కూరకు, మాంసం కుండలకు ఇదే. ఆకుపచ్చదానికి ఛోంగ్‌చింగ్‌లోని జియాంగ్‌జిన్, సిచువాన్‌లోని జిన్‌యాంగ్ ప్రసిద్ధం. పచ్చి నిమ్మతొక్క వాసన, పదునైన తిమ్మిరి దీని లక్షణాలు. చేపకు, కోడికి బాగుంటుంది. ఉత్తరాఖండ్, నేపాల్ కొండల్లో తిమూర్ పేరుతో దొరికేది ఈ ఆకుపచ్చ రకం జాతికే (జాంథోక్సైలమ్ అర్మాటమ్) చెందినది. మన దేశంలో ఉండి చైనా సరుకు దొరకనివాళ్లకు అంతకంటే మంచి ప్రత్యామ్నాయం లేదు. కొంకణంలో చేపల పులుసులో వేసే తిర్‌ఫల్ దీనికి దగ్గరి బంధువే గానీ వాసన తేడా, పెంకు మొరటు.

నాలుక మీద వచ్చే తిమ్మిరికి కారణం శాన్‌షూల్ అనే పదార్థం. 2013లో లండన్ పరిశోధకులు ప్రచురించిన ప్రయోగంలో దీన్ని పెదవి మీద రాసుకున్నవాళ్లకు సెకనుకు దాదాపు 50 సార్లు కంపించినట్టు అనిపించింది. వంటకు దీనికంటే ముఖ్యమైన సంగతి ఒకటి. వాసన, తిమ్మిరి వేర్వేరు పదార్థాల నుంచి వస్తాయి. వాసనిచ్చే నూనెలు తేలిగ్గా ఎగిరిపోతాయి. శాన్‌షూల్ అలా ఎగరదు, నూనెలో దిగుతుంది, కానీ ఎక్కువ వేడికి, వెలుతురుకు, కాలానికి చెడిపోతుంది. అందుకే సిచువాన్ వంటవాళ్లు దీన్ని రెండుసార్లు వేస్తారు: మొదట మరీ కాగని నూనెలో ముక్కగా, చివర వడ్డించే ముందు పొడిగా. మొదటిసారే మొత్తం వేసేసి వాసన రాలేదని మోతాదు పెంచితే వచ్చేది చేదు.

కొనేటప్పుడు పెంకుల మీద నూనె బుడిపెలు ఉబ్బి, దగ్గర దగ్గరగా కనిపించాలి. గుప్పెడు తీసుకుని నలిపితే గలగలమనాలి. మెత్తగా ఉంటే తేమ పట్టింది. నలిపి వదిలేశాక అరచేతికి వాసన కొంతసేపు నిలవాలి. ఒక పెంకు ముందు పళ్లతో నమిలితే ముందు నారింజ వాసన, పది ఇరవై సెకన్లలో తిమ్మిరి రావాలి. తిమ్మిరి లేకుండా చేదు మాత్రమే వస్తే పాత సరుకు. గింజలు, పుల్లలు, ముళ్లు ఎంత ఎక్కువుంటే అంత బరువుకు డబ్బు వృథా. రంగు అద్దిన సరుకూ ఉంటుంది. గోరువెచ్చని నీళ్లలో పది పెంకులు వేస్తే నీళ్లు లేత గోధుమ రంగుకు తిరగడం సహజం. గులాబీ రంగో ఎరుపో దిగితే పారేయాలి. ఆకుపచ్చ రకం నల్లగా, మసకగా మారిందంటే ఏడాది దాటిందని అర్థం. పంట జూన్ నుంచి సెప్టెంబరు మధ్య వస్తుంది కాబట్టి, ప్యాకెట్ మీద పంట ఏడాది ఉంటే అది చూసి కొనడం మేలు. ప్యాక్ చేసిన తేదీకి అంత విలువ లేదు.

అమెరికాలో నిమ్మజాతి చెట్లకు వచ్చే క్యాంకర్ తెగులు భయంతో 1968 నుంచి 2005 దాకా హువాజియావ్ దిగుమతి నిషేధంలో ఉంది. 2005లో అనుమతించినప్పుడు దాదాపు 60 డిగ్రీల దగ్గర పది నిమిషాలు వేడిచేయాలని షరతు పెట్టారు. 2007 తర్వాత అదీ పోయింది. అక్కడి పాత వంట పుస్తకాలు చెప్పిన మోతాదులు నిషేధం రోజుల్లో దొరికిన నీరసమైన సరుకుకు రాసినవి కావచ్చు. ఇప్పటి తాజా సరుకుతో సగం వేసి రుచి చూశాకే మిగతాది వేయాలి.

ఇంటికి తెచ్చాక తెల్ల కాగితం మీద పరిచి నల్ల గింజలు, పుల్లలు ఏరాలి. దీనికి అడ్డదారి లేదు. 20, 30 గ్రాముల చిన్న పొట్లాలుగా కట్టి, గాలి చొరని సీసాలో ఫ్రీజర్లో పెడితే వాసన ఏడాది నిలుస్తుంది. ఒకే పెద్ద సీసాను మాటిమాటికీ బయటికి తీస్తే చల్లటి పెంకుల మీద గాలిలోని తేమ చేరుతుంది. విశాఖ, కాకినాడ లాంటి తీరపట్టణాల్లో అయితే ఆ తేమ ఒక్క వానాకాలంలోనే సరుకును చంపేస్తుంది.

మిగతావి

త్సావ్‌గువో యున్నాన్ కొండల నుంచి వచ్చే పెద్ద ఎండుకాయ. కర్పూరం, పొగ, మిరియం కలిసిన వాసన. లాన్‌ఝౌ గొడ్డుమాంసం నూడుల్స్ పులుసులో దీని పాత్ర పెద్దది. కాయను పప్పుగుత్తితో ఒక దెబ్బ వేసి పగలగొట్టి వేయాలి, లేకపోతే మందపాటి పెంకు వాసనను వదలదు. గంటల తరబడి మరిగే కుండకైతే గింజలు తీసేయడం నయం, అవి చేదు దింపుతాయి. ముప్పావు గంటలో అయ్యే వంటకు గింజలతోనే వేయవచ్చు. ఇది దొరకకపోతే మన పెద్ద ఏలకులు వాడవచ్చు. వాటిలో పొగ వాసన ఎక్కువ, పదును తక్కువ. పచ్చ ఏలకులు మాత్రం దీనికి బదులు కావు, కుండకు పాయసం వాసన పట్టిస్తాయి.

సోంపు కొనేటప్పుడు భోజనం తర్వాత నోట్లో వేసుకునే సన్నని పచ్చ సోంపు వద్దు, అది లేతగా కోసింది. పెద్ద గింజ, మసక పసుపుపచ్చ రంగు ఉన్నది వంటకు. లవంగాన్ని నీళ్లలో వేస్తే మునగాలి, లేదా తల పైకి పెట్టి నిలువుగా తేలాలి. అడ్డంగా తేలేది నూనె తీసిన పిప్పి. బిర్యానీ ఆకూ, చైనా కుండలో వేసే ఆకూ వేర్వేరు చెట్లవి. మన ఆకుకు పొడవునా మూడు ఈనెలు, చెక్క వాసన. వాళ్లది మధ్యధరా బే ఆకు, నడిమి ఈనె ఒక్కటే, వాసనలో చల్లదనం. మన ఆకే వాడితే దాల్చిన చెక్కను పావు వంతు తగ్గించాలి. అతిమధురం ఆయుర్వేద దుకాణంలో దొరుకుతుంది, రెండు ముక్కలు చాలు. మించితే నాలుక మీద తీపి వదలదు.

ఎండు కమలా తొక్కకు గ్వాంగ్‌డాంగ్‌లోని షిన్‌హుయ్ పేరుపొందింది. కనీసం మూడేళ్లు నిల్వ చేసిన తొక్కనే అక్కడ చెన్‌పీ (పాత తొక్క) అని పిలుస్తారు. వేసే ముందు 20 నిమిషాలు నానబెట్టి, లోపలి తెల్లపొరను కత్తి అంచుతో గీకేయాలి. చేదంతా అక్కడే ఉంటుంది. నాగపూర్ కమలా కూడా అదే జాతి పండు కాబట్టి, మైనం పూయని పండు తొక్కను గీకి, ఎండబెట్టి, కొన్ని నెలలు సీసాలో ఉంచితే ఇంటి వంటకు పనికొస్తుంది. పచ్చి తొక్క మాత్రం వేయకూడదు.

బజారులో కలిపి అమ్మే కుండ దినుసుల పొట్లాలు కొనకపోవడమే మంచిది. వాటిలో పదిహేను, ఇరవై రకాలు విరిగి కలిసిపోయి ఉంటాయి. పైన చెప్పిన పరీక్షల్లో ఒక్కటీ వాటికి చేయలేం. పైగా అందులో మందు వాసనిచ్చే వేర్లు ఎన్ని గ్రాములున్నాయో తెలియదు.

నూనెలో

నూనెలో దినుసులు వేసేటప్పుడు చేదుకూ వాసనకూ మధ్య తేడా సెకన్లలో ఉంటుంది. గోంగ్‌బావ్ కోడిని తీసుకుంటే, 300 గ్రాముల ముక్కలకు 8 నుంచి 10 ఎండుమిరపకాయలు, ఒక చెంచా హువాజియావ్, మూడు పెద్ద చెంచాల నూనె. మిరపకాయలను కత్తెరతో రెండు సెంటీమీటర్ల ముక్కలు చేసి గింజలు దులపాలి. ముందు మాడేవి గింజలే. నూనె పొగ రావడానికి చాలా ముందే, 120, 130 డిగ్రీల దగ్గర మిర్చి వేయాలి. 15, 20 సెకన్లలో ఎరుపు కాస్త గోధుమ రంగుకు తిరుగుతుంది. అప్పుడు హువాజియావ్, ఐదు సెకన్లకు కోడి ముక్కలు. ముక్కలు పడగానే నూనె వేడి తగ్గి దినుసులు మాడకుండా ఆగిపోతాయి. అందుకే ముక్కలు పక్కన సిద్ధంగా లేకుండా మిర్చి వేయకూడదు. మన పోపులో ఆవాలు చిటపటలాడేదాకా కాచే నూనె దీనికి మరీ వేడి.

మిర్చి దగ్గర తెలుగు నేలకు నేరుగా సంబంధం ఉంది. గుంటూరు, ఖమ్మం మార్కెట్ల నుంచి తేజ రకం మిర్చి పెద్ద ఎత్తున చైనాకు వెళుతుంది. అక్కడి వ్యాపారులు దాన్ని ఎస్17 పేరుతో కొంటారు. భారత ఎండుమిర్చికి చైనా అతిపెద్ద కొనుగోలుదారుల్లో ఒకటి. సిచువాన్ వంటగది మాత్రం కారాన్నీ వాసననూ విడివిడిగా చూస్తుంది. పొడవాటి ఎర్‌జింగ్‌టియావ్ మిర్చి రంగుకు, వాసనకు. పొట్టి ఘాటు రకాలు కారానికి. ఇంట్లో ఆ సమతూకం కావాలంటే రంగు ఎక్కువ, కారం తక్కువ ఉండే బ్యాడగి మిర్చి మూడు వంతులు, తేజ ఒక వంతు కలపాలి. ఒట్టి తేజతో చేస్తే మంట తప్ప మరేమీ మిగలదు.

మిర్చి నూనెకు 100 గ్రాముల బరక మిర్చి, 450 మిల్లీలీటర్ల నూనె. సిచువాన్‌లో ఆవజాతి గింజల నూనె వాడతారు. మన వేరుశనగ నూనె ఘాటు లేనిది కాబట్టి చక్కగా కుదురుతుంది. చల్లటి నూనెలోనే రెండు అనాసపువ్వులు, నాలుగు గ్రాముల చెక్క, ఒక త్సావ్‌గువో, రెండు బే ఆకులు, 20 గ్రాముల అల్లం ముక్కలు, మూడు ఉల్లికాడలు వేసి సన్నని సెగ మీద పెట్టాలి. దినుసులు కడిగి ఉంటే పూర్తిగా ఆరాలి, తడి ఉంటే చిందుతుంది. 15, 20 నిమిషాల్లో ఉల్లికాడలు గోధుమ రంగుకు వస్తాయి. చివరి మూడు నిమిషాలకు చెంచా హువాజియావ్ వేసి అన్నీ వడకట్టేయాలి. ఇప్పుడు నూనెను మళ్లీ 180 డిగ్రీల దాకా కాచి, లోతైన స్టీలు గిన్నెలోని మిర్చి మీద మూడోవంతు పోసి కలపాలి. ఇది వాసన కోసం. నూనె 150 డిగ్రీలకు దిగాక ఇంకో మూడోవంతు, రంగు కోసం. 120కి దిగాక మిగిలింది, కారం దింపడానికి. థర్మామీటరు లేకపోతే చిటికెడు మిర్చి వేసి చూడాలి. నురగ కట్టి ఎర్రగా ఉంటే సరి, వెంటనే నల్లబడితే ఆగాలి. మిర్చి మరీ మెత్తటి పొడి అయితే మొదటి వాయికే మాడుతుంది. బరకగా దంచి, రెండు చెంచాల నీళ్లు చిలకరించి తడిపితే ఆ ప్రమాదం తగ్గుతుంది. రాత్రంతా ఉంచితే రంగు పూర్తిగా దిగుతుంది.

పొడిగా

వేయించిన రొయ్యలు, పుట్టగొడుగుల మీద చల్లే హువాజియావ్ ఉప్పుకు 20 గ్రాముల పెంకులు, 60 గ్రాముల ఉప్పు. బాణలిలో సన్నని సెగ మీద ఐదారు నిమిషాలు కలిపితే ఉప్పు లేత పసుపు రంగుకు వస్తుంది. చల్లారాక పొడిచేసి తప్పకుండా జల్లించాలి, పెంకు లోపలి తెల్లపొర పొడి కాదు. రెండు వారాలకు సరిపడా మాత్రమే చేసుకోవాలి.

ఐదు దినుసుల పొడికి బరువులో అనాసపువ్వు 4, సోంపు 3, చెక్క 3, హువాజియావ్ 2, లవంగం 1. వేయించడం కంటే ఎండలో పెళపెళలాడేలా ఆరబెట్టి నూరితే వాసన నిలుస్తుంది. అరకిలో మాంసానికి అర చెంచా చాలు.

కుండలో

సోయా, చక్కెర, దినుసులతో మాంసాన్ని ఉడికించి ఊరబెట్టే పద్ధతిని లూ అంటారు. కిలో మాంసానికి రెండు లీటర్ల నీళ్లు, 100 మిల్లీలీటర్ల పలచటి సోయా సాస్, 20 మిల్లీలీటర్ల ముదురు సోయా, 70 మిల్లీలీటర్ల షావోషింగ్ మద్యం, 40 గ్రాముల పటికబెల్లం, నాలుగు అల్లం ముక్కలు. ఉప్పు చివర్లో రుచి చూసి. దినుసులు: మూడు అనాసపువ్వులు, నాలుగు గ్రాముల చెక్క, ఒక త్సావ్‌గువో, రెండు గ్రాముల సోంపు, రెండు గ్రాముల హువాజియావ్, రెండు ఆకులు, అంగుళం కమలా తొక్క, మూడే మూడు లవంగాలు. మొత్తం 16 గ్రాములకు అటూ ఇటూ. మొదటిసారి చేసేవాళ్లు ఇంతకు మించకూడదు. లవంగం నాలుగు దాటితే పంటినొప్పి మందు వాసన వస్తుంది, దాన్ని వెనక్కి తీయడం కుదరదు.

దినుసులను వేడినీళ్లలో పది నిమిషాలు నానబెట్టి ఆ నీళ్లు పారబోయాలి. దుమ్ము, కొంత వగరు, పులుసును నల్లబరిచే రంగు అక్కడే పోతాయి. తర్వాత పలచటి గుడ్డలో వదులుగా మూట కట్టాలి. బిగించి కడితే లోపలికి నీళ్లు చొరబడవు. మాంసాన్ని వేరే గిన్నెలో చల్లటి నీళ్లలో వేసి మరిగించి, పైకొచ్చిన మురికి తీసి కడగాలి. వేడినీళ్లలో వేస్తే పైపొర బిగుసుకుని రక్తం లోపలే ఉండిపోతుంది, ఎన్ని దినుసులు వేసినా ఆ నీచు పోదు.

కుండలో మూటను ముందు 20 నిమిషాలు మరగనిచ్చి, తర్వాత మాంసం వేయాలి. ఆపైన తెర్లే మరుగు కూడదు. పైన అక్కడక్కడా బుడగ రావాలి, 90, 95 డిగ్రీలు. గట్టిగా మరిగితే దినుసుల వాసన ఆవిరితో వంటింటికి పోతుంది, చేదు మాత్రం కుండలో ఉంటుంది. కోడి కాళ్లకు 25 నిమిషాలు, పంది పొట్ట మాంసానికి గంటకు పైన, గొడ్డు పిక్కకు గంటన్నర. పెద్ద ముక్కలైతే మూటను గంట తర్వాత తీసేసి మాంసాన్ని కొనసాగించాలి. పొయ్యి ఆపాక కనీసం అరగంట అదే పులుసులో ఊరనివ్వాలి. ఉప్పూ వాసనా లోపలికి దిగేది చాలావరకు ఈ సమయంలోనే.

పులుసు చేదెక్కితే ముందు మూట తీసి, మూడోవంతు పులుసు తోడేసి, నీళ్లూ సోయా తగినంత చేర్చాలి. చక్కెర వేసి చేదును కప్పాలని చూస్తే తీపి చేదు రెండూ ఉంటాయి. రంగు నల్లబడిందంటే ముదురు సోయా ఎక్కువైంది, లేదా దినుసులు నానబెట్టలేదు. వాసన వస్తోంది గానీ మాంసానికి పట్టలేదంటే ఊరబెట్టిన సమయం చాలలేదు. ఇవి మూడూ వేర్వేరు తప్పులు. ఒకదానికి మందుగా ఇంకో అనాసపువ్వు వేయడం అన్నిటికంటే సాధారణంగా జరిగే పొరపాటు.

ఈ పులుసు పారేసేది కాదు. వడకట్టి, పైన తేలిన కొవ్వును పలచటి పొర మిగిల్చి తీసేసి, ఒకసారి బాగా మరిగించి, చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టాలి. మూడు రోజుల్లో వాడకపోతే ఫ్రీజర్. మళ్లీ వాడేముందు మరిగించడం తప్పనిసరి. రెండోసారికి అదే మూట చాలు. మూడోసారికి కొత్త మూట, మొదటి మోతాదులో సగంతో, ఎందుకంటే పాత పులుసులో వాసన ఇప్పటికే ఉంది. సోయా, పటికబెల్లం, ఉప్పు ప్రతిసారీ రుచి చూసి చేర్చాలి. టోఫూ, వేరుశనగలు, బీన్స్ మాత్రం ఈ పులుసు కుండలో నేరుగా వేయకూడదు, వాటి పిండి దిగి పులుసు రెండో రోజుకే పులుస్తుంది. వాటికి కావలసినంత పులుసు వేరే గిన్నెలోకి తోడుకుని వండి, ఆ మిగిలింది పారబోయాలి.